గోధుమరంగు చుక్కలు

డబ్బా నా ఒళ్లో ఉంది. అరచేతి వెడల్పున్న ప్లాస్టిక్ డబ్బా, తెల్ల మూత, లోపల నీళ్లలా కనిపించే మందు, మందులో మునిగి నిమ్మకాయంత గడ్డ. చూడబుద్ధి కాక గుడ్డసంచిలో పెట్టుకున్నాను. సంచి మీద ఎర్ర అక్షరాలతో మా మరిది ఉదయ్‌భాస్కర్ కిరాణా దుకాణం పేరు. గడ్డ వాళ్లమ్మ వసంతమ్మది. పొద్దున చేవెళ్లలోనే ఒక చిన్న నర్సింగ్ హోంలో ఆమె రొమ్ములోంచి తీశారు. అక్కడ కోసేవాళ్లున్నారు గాని కోసినదాన్ని పరీక్షించేవాళ్లు లేరు. అందుకే డబ్బాలో వేసి ఇంటివాళ్ల చేతికే ఇస్తారు, ఎప్పుడూ అంతే. మొయినాబాద్ దాటాక పెద్ద దవాఖాన ఉంది, దాని ల్యాబులో ఇవ్వాలి. ఇస్తానని అందరూ నమ్ముతున్నారు. ఆటో బస్టాండు ముందునుంచి ఇంకా కదల్లేదు. "ఇంకొక్కలు దొరికితే పోదాం మేడం," అంటున్నాడు నాగేందర్. నా దగ్గర తెలుగు చదువుకున్నవాడే. ఛందస్సు పాఠం రోజు ముందు బెంచీ వీపు వెనకాల తల దాచుకునేవాడు. ఇప్పుడు ఆటో అద్దం మీద తన ఇద్దరు పిల్లల పేర్లు రాయించుకున్నాడు, ఒకదానిలో ఒత్తు తప్పు. చెప్పలేదు. పేరు పెట్టడం అయిపోయింది, పిలవడమూ అలవాటై ఉంటుంది. చెప్పకుండా ఉండడం నాకు బాగా వచ్చు. ఈ రెండేళ్లలో ఇంకా బాగా వచ్చింది.

కారు పంపిస్తానన్నాడు ఉదయ్, డ్రైవరు ఖాళీగానే ఉన్నాడన్నాడు. వద్దన్నాను. ఎందుకో అతను అడగలేదు, అడగడని నాకు తెలుసు. అసలు డబ్బా తనే తీసుకుపోదామని బయల్దేరాడు, చెప్పులు కూడా వేసుకున్నాడు. లోపలి మంచం మీదనుంచి వసంతమ్మ, ఇంకా మత్తు పూర్తిగా దిగని గొంతుతో, "నువ్వొద్దు. కన్యకకియ్యి. ఆమె ఏడ ఆగది," అంది. నర్సు నవ్వింది, టీచరమ్మ మీద అంత నమ్మకమా అని. నేను నవ్వలేదు. ఆమె కళ్లు మూసుకునే ఉంది. నెరిసిన వెంట్రుకలు నుదుటికి అంటుకుని, ముక్కుపుడక తీసేసిన ముక్కు చిన్న పిల్ల ముక్కులా, నోటి మూల ఎండి. డెబ్బై దగ్గర పడ్డ ముసలామె. ఆమె మీద జాలి పడడానికి అన్నీ ఉన్నాయి. జాలి రాలేదు. రావడం లేదని ఎవరికీ తెలియకుండా దుప్పటి ఆమె పాదాల మీదికి లాగి వచ్చాను.

ఆటో కదిలింది. చివరి సవారీగా ఒక ఆడమనిషి ఎక్కింది, పెద్ద గోనెసంచి నిండా చామంతులు, సంచిని మా ఇద్దరి కాళ్ల మధ్య ఇరికించి, జర సర్దుకో అమ్మా అంటూ. పేరు అంతమ్మట, నాగేందర్ వరస కలిపి పిన్నీ అని పిలుస్తున్నాడు. పూల వాసన, డీజిల్ వాసన, వాటి అడుగున మందు వాసన. ఎంత మూత బిగించినా కొద్దిగా వస్తూనే ఉంటుంది. ఆ వాసన నాకు తెలుసు. బడిలో సైన్సు గది బీరువా తెరిస్తే వచ్చే వాసన అది, సీసాలో ఏళ్లుగా ఉన్న కప్ప, పాము. స్వప్నిక చిన్నప్పుడు ఆ గదిలోకి పోవడానికి భయపడేది, నా చున్నీ పట్టుకుని కళ్లు మూసుకుని, పాము చచ్చిపోయింది కదక్కా మరి ఎందుకు కుళ్లిపోదు అని అడిగేది. మందులో ఉంది కాబట్టి అని చెప్పేదాన్ని. మందులో ఉన్నంతకాలం ఎట్లున్నది అట్లనే ఉంటది అని. నేను చెప్పిన పాఠాల్లో అదొక్కటి మా ఇంటికి పనికొచ్చేది. అది పనికిరావలసిన రోజు నేను స్వప్నిక అత్తింట్లో లేను.

స్వప్నిక నా చెల్లెలు. నాకంటే ఏడేళ్లు చిన్న. వసంతమ్మ కోడలు. కౌంటరు దగ్గర కూర్చుంటే లెక్క నోటితోనే చెప్పేసేది, కాలిక్యులేటరు ధూళి పట్టి ఉండేది. వానలు పడుతున్న శ్రావణంలో రొమ్ములో గడ్డ ఉందని తీశారు. రిపోర్టు వచ్చిన రోజు ఆ ఇంట్లో పండుగ. మూడు ప్రోటీన్లు వెతికారట, మూడూ లేవట. నెగెటివ్, నెగెటివ్, నెగెటివ్. కరోనా రెండోసారి వచ్చి పోయిన ఏడాది అది, నెగెటివ్ అంటే బతికినట్టేనని ఊళ్లన్నీ నేర్చుకుని ఉన్న కాలం. వసంతమ్మ కొబ్బరికాయ కొట్టించింది. దుకాణానికి వచ్చినవాళ్ల చేతుల్లో పుట్నాలు, బెల్లం పెట్టింది. స్వప్నిక నాకు ఫోను చేసి, "అక్కా, నీ చెల్లె మూడిట్ల ఫెయిలై పాసైంది," అని నవ్వింది. నేను కూడా నవ్వాను. అది అన్నిటికంటే చెడ్డ రిపోర్టని తర్వాతి వారం పట్నంలో డాక్టరమ్మ చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె కాగితం మీదనే చూపు ఉంచింది.

ఆమె చెప్పింది నా మాటల్లో పెట్టుకుంటే గాని నాకు అర్థం కాలేదు. కొన్ని గడ్డలు ఒంట్లో ఊరే ఆడ హార్మోనును తిని పెరుగుతాయి. తినడానికి నోళ్లు కావాలి. కణాల మీద వెతికే ప్రోటీన్లలో రెండు ఆ నోళ్లే. మూడోది ఇంకో రకం. నోళ్లున్న గడ్డకు వాటిని మూసే మాత్ర ఉంది, రోజుకొకటి, ఏళ్లపాటు, చిన్నది, తెల్లది, చేదు కూడా ఉండదు. నోళ్లు లేని గడ్డకు ఆ మాత్ర దండగ. దానికి సూదిమందే, జుట్టు ఊడేది, గోళ్లు నల్లబడేది. పుస్తకాల్లో ఆ నోటిని గ్రాహకం అంటారు. గ్రహించేది. బాగున్న మాట. ఆ ప్రోటీన్లను చూసి రోగి ఎన్నాళ్లు ఉంటుందో, ఏ మందుకు లొంగుతుందో ముందే అంచనా కట్టొచ్చునట. ముందే, అంచనా. ఇలాంటి మాటలు పిల్లలకు రోజూ నల్లబల్ల మీద రాసేదాన్ని, చేతికి సుద్దపొడి తప్ప ఏమీ అంటేది కాదు. స్వప్నిక సూదిమందులన్నీ వేయించుకుంది. జుట్టు పోయాక, నూనె సీసా మిగిలిపోతున్నది అక్కా నువ్వు పట్కపో అంది. తలకు చుట్టుకున్న స్కార్ఫు ఊడితే గిరాకీ ముందే మళ్లీ చుట్టుకునేది, దాచుకునేది కాదు. మాత్ర మాత్రం ఎవరూ ఇవ్వలేదు. అవసరం లేదని రాసి ఉంది కదా.

కేసారం దాటాం. ఎండ రోడ్డు మీద తెల్లగా పడి ఉంది, అప్పుడే తడిపిన కొత్త కంకర మీద ఆవిరి. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, ఎన్నాళ్లుగానో చేస్తున్నారు. నా చేతుల వైపు చూస్తోంది అంతమ్మ. "ఏమున్నదమ్మా సంచిల, గంత పట్టుకున్నవ్, దేవుని పటమా?" అంది. మందు అన్నాను. మందా, నెమ్మదిగ అనమ్మా, మా ఆయన విన్నడంటే ఉరికొస్తడు అంది. నాగేందర్ అద్దంలోంచి నవ్వి, పిన్నీ, బాబాయికి నీ పూల పైసలే చాలవు, మేడం మందు గూడ కావాల్నా అన్నాడు. వాళ్లిద్దరూ నవ్వుతున్నారు, నా మొహం కూడా నవ్వుకు తగ్గట్టు కదిలింది. మొహానికి ఆ పని అలవాటే. బడిలో రోజూ చేస్తుంది. స్వప్నిక పోయాక స్టాఫ్‌రూంలో ఒకరు కర్మ అన్నారు, ఒకరు మంచివాళ్లనే దేవుడు తీసుకుపోతాడన్నారు, ఇంకొకరు ముందుగా చూపించుకోలేదా అన్నారు. ముందుగానే చూపించుకుంది. అన్నీ ముందుగానే చేసింది. వాళ్లకు ఒక్కొక్కరికి టీ కప్పు అందిస్తూ అవునవును అన్నాను.

సూదిమందుల తర్వాత స్వప్నిక రెండేళ్లు బాగానే ఉంది. తర్వాత నడుము నొప్పి. బియ్యం బస్తా జరిపినందుకే అనుకుంది. బస్తా కాదు. వెన్నెముకలోంచి సూదితో ముక్క తీశారు. ఈసారి పట్నంలోనే తీశారు, తీసిన గదిలోనే మందులో వేశారు, ఎవరి చేతికీ ఇవ్వలేదు. డాక్టరమ్మ మమ్మల్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి చూపించింది. లేత నీలం మీద గోధుమరంగు చుక్కలు, తెల్ల గుడ్డ మీద రాగులు ఆరబోసినట్టు, ఎక్కడ చూసినా. ఇవే ఆ ప్రోటీన్లు అంది. దండిగా ఉన్నాయంది. మొదటిసారి గడ్డ బొమ్మ కూడా తెప్పించి పక్కన పెట్టింది, అందులో ఒక్క చుక్క లేదు, చెరిపేసిన పలకలా మాసిన నీలం. మొదటి గడ్డను ఎట్లా పంపారు, మందులోనే ఉందా, ఎంతసేపటికి ల్యాబుకు చేరింది అని అడిగింది. ఉదయ్ గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు. ఆమె నొక్కి అడగలేదు. కొందరిలో రోగం తనంతట తనే మారుతుంది, లేదా మొదటి ముక్క చెడిపోయి ఉండొచ్చు, ఏదైనా కావచ్చు, ఇప్పుడు ఎవరూ చెప్పలేరు అంది. కావచ్చు. నిందించడానికీ చాలని మాట, వదిలేయడానికీ చాలని మాట. నేను అప్పటినుంచి ఆ మాట మీదనే కాపురం చేస్తున్నాను.

బయట వసారాలో, నీళ్ల కుళాయి దగ్గర, ఉదయ్ తనే చెప్పాడు. నేను అడగకముందే.

"డబ్బ డిక్కీల ఒరిగి మందంత కారిపోయింది వదినా. ఆ వాసనకు అమ్మ ఇంట్లకు రానియ్యలె. వరండల పెట్టి కడిగి, పచ్చడి సీసల ఉప్పూ పసుపూ కలిపిన నీళ్లు పోసి అండ్ల ఏసింది. ముత్తైదువ ఒంటి ముక్క పసుపు లేకుంట ఉండొద్దన్నది. ఆ దినం శుక్రవారం. కోడలి ఒంట్లది శుక్రవారం గడప దాటొద్దన్నది. శనివారం పట్కపోయిన. పోయేముందట మళ్ల డబ్బల ఏసిన, ల్యాబోళ్లు నవ్వుతరని."

ల్యాబువాళ్లు నవ్వుతారని. నేను కుళాయి కట్టేశాను, అది కారుతూనే ఉంది. శ్రావణ శుక్రవారం వాళ్లింట్లో ఉప్పు చేబదులు ఇవ్వరు, పసుపు ఇవ్వరు, ఆడపిల్లను పుట్టింటికి పంపరు, అది నాకూ తెలుసు, మేమూ అదే కులం, మా అమ్మా అంతే. వసంతమ్మకు తెలిసిన విద్య దాచడం. ఆమె పెట్టిన మామిడికాయ పచ్చడి రెండేళ్లైనా బూజు పట్టదని చేవెళ్ల కోమటిళ్లన్నీ ఒప్పుకుంటాయి. ఉప్పూ పసుపూ సరిపోతే ఏదైనా నిలుస్తుందని ఆమె నమ్మకం. ఆ రాత్రంతా పచ్చడి సీసాలో నా చెల్లెలి నోళ్లన్నీ ఒక్కొక్కటే కరిగిపోయి ఉంటాయి. తర్వాత రిపోర్టులో అవి లేవని రాశారు. లేవు కాబట్టి మాత్ర ఇవ్వలేదు. ఇంత చిన్న దారి. ఇందులో ఎవరూ చెడ్డవాళ్లు కాదు, అదే నాకు మింగుడు పడదు. "అమ్మకు తెల్వొద్దు వదినా. తెలిస్తే బతకది," అన్నాడు ఉదయ్. ఆ రోజు ఆమె కూడా మాతో వచ్చింది. కుళాయికి అవతల బెంచీ మీద టిఫిను డబ్బా ఒళ్లో పెట్టుకుని, కొంగు మొహం మీద కప్పుకుని, నిద్రపోతోంది. సరే అన్నాను. ఎవరికీ చెప్పలేదు. స్వప్నికకు కూడా చెప్పలేదు. అప్పుడు మొదలుపెట్టిన మాత్ర పనిచేసింది, ఏడాదిన్నర నడిచింది, కూర్చుంది, కూతురు భవితకు జడలు వేసింది. ఎముకల దాకా పాకిన రోగాన్నే ఏడాదిన్నర ఆపింది ఆ మాత్ర. నిమ్మకాయంత ఉన్నప్పుడు ఇచ్చి ఉంటే. ఇక్కడ ఎప్పుడూ ఆగిపోతాను. వాక్యం పూర్తి చేయను. పిల్లలైతే అసంపూర్ణ వాక్యానికి మార్కులు కోసేదాన్ని.

ఆటో ఆగింది. కనకమామిడి ఇంకా రాలేదు. ముందు వరసగా లారీలు, కార్లు, ఒక పక్క తవ్వి ఒక్క పక్కనుంచే వదులుతున్నారు. నాగేందర్ ఇంజను ఆపి, దిగి, చూసొచ్చి, అరగంట పట్టొచ్చు మేడం, జేసీబీ అడ్డం పడ్డది అన్నాడు. దిగినవాళ్లు రోడ్డు పక్కకు పోయి నిలబడ్డారు. నేను దిగలేదు. డబ్బా వెచ్చగా ఉంది, నా ఒంటి వేడో ఎండ వేడో. సంచిలో చేయి పెట్టాను. వేళ్లకు మూత అంచు తగిలింది, గరుకుగా, వేలిముద్రల్లాంటి గీతలతో.

అర చుట్టు తిప్పితే చాలు. ఈ మందు కింద కారిపోతుంది, రోడ్డు మీద దుమ్ము తాగేస్తుంది. జేసీబీ అడ్డం పడింది, ల్యాబు మూసే వేళైంది, రేపు పొద్దున ఇస్తాను అని ఫోను చేస్తే ఎవరూ కాదనరు. నా ఇంట్లో కూడా ఉప్పు ఉంది. పసుపు ఉంది. పచ్చడి సీసాలైతే ఆమె ఇచ్చినవే ఉన్నాయి, ఏటా ఇచ్చేది, స్వప్నిక నొప్పులతో పడుకున్న ఆ ఎండాకాలం నుంచి మానేసింది, చేతులు నొస్తున్నయి పెట్టనింక అంది. కోడలు మంచాన పడితే ఈమెకు చేతులు నొప్పులా అనుకున్నాను. రేపు ల్యాబువాళ్లు ఈ డబ్బాలో మళ్లీ మందు పోస్తారు, మైనంలో పొదిగి, పొరలు కోసి, రంగు వేస్తారు, చెరిపేసిన పలక వస్తుంది. నెగెటివ్, నెగెటివ్, నెగెటివ్. మాత్ర ఇవ్వరు. ఆ వయసులో సూదిమందుకు ఆమె తట్టుకోదు. ఎవరైనా అడిగితే డాక్టర్లు కావచ్చు అంటారు. నేరానికి ఇంతకంటే మంచి మాట ఏ నిఘంటువులో దొరుకుతుంది. మూత తిప్పాను. అర చుట్టు కూడా కాదు. కొద్దిగా. వాసన గుప్పుమని లేచింది, కళ్లు మండాయి, అవి నీళ్లు కాదు, వాసనకే.

స్వప్నిక శవాన్ని బయట పడుకోబెట్టినప్పుడు ముత్తైదువగా పోయిందని ఆడవాళ్లంతా పసుపు తెచ్చారు. మొహానికి, చేతులకు, పాదాలకు. పెద్దదానివి, అత్తవు, ముందు నువ్వు పెట్టమ్మా అని గిన్నె వసంతమ్మ ముందుకు జరిపారు. ఆమె పెట్టలేదు. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చేతి మణికట్టు పట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడింది. ఏడవలేదు కూడా. పక్కింటామె పెట్టింది చివరికి. కోడలి శవాన్ని ముట్టుకోవడానికి కూడా ఈమెకు మైల అడ్డమొచ్చిందా అనుకున్నాను. ఆ దృశ్యాన్ని నేను జాగ్రత్తగా ఉంచుకున్నాను, ఎప్పుడైనా నా కోపం సన్నగిలితే తీసి చూసుకోవడానికి. ఇప్పుడూ తీసి చూసుకుంటున్నాను. భవిత గుర్తొచ్చింది. హాస్టల్లో ఉంది, ఇంటరు. రోజూ సాయంత్రం ఫోను చేసేది నాకు కాదు, నాయనమ్మకు. ఏం తిన్నవు, ఏం కూర, తల ఎవరు దువ్విండ్రు, అవే ప్రశ్నలు, అటూ ఇటూ. ఆ పిల్లకు ఇంట్లో మిగిలిన ఆడదిక్కు ఈ డబ్బాలో ఉన్న ముక్క తాలూకు మనిషే. ఆ సంగతి తెలిసి కూడా నా బొటనవేలు మూత మీదనుంచి కదల్లేదు.

అంతమ్మ ముక్కు కొంగుతో మూసుకుంది. ఏం మందమ్మా ఇది, ఎలుకల మందా అంది. ఆమె పూలసంచి మూతి విప్పి, చేయి లోపలికి పెట్టి, వేడెక్కాయేమోనని చూస్తోంది. హిమాయత్‌నగర్ అడ్డరోడ్డు దగ్గర కూర్చుంటుందట, సందెదాకా అమ్ముకుంటుందట. "ఇయ్యాల శుక్రారం అని రెండు సంచులు తెద్దామనుకుంటి," అంది నాగేందర్‌తో. "ఒక్కటే తెచ్చుడు మంచిదాయె. ఇట్లనే నిలబడితే వాడిపోయినయి ఎవలు కొంటరు, శుక్రారం పోతే శనారం ఎవడడుగుతడు నా పూలను."

శుక్రవారం.

పొద్దున నర్సింగ్ హోంకు రాకముందు బడిలో హాజరు తీసేటప్పుడు తేదీ రాశాను. వారం పేరు కూడా రాశాను, నా చేత్తోనే. పట్టలేదు. ఈ రోజు శుక్రవారం. వసంతమ్మ తన ఒంట్లోది శుక్రవారం గడప దాటించి పంపింది. ఆపరేషను రేపటికి పెట్టమని అడగలేదు. డబ్బా ఇంటికి తెమ్మనలేదు. కన్యకకియ్యి, ఆమె ఏడ ఆగది. ఎవరు ఆగారని ఆమెకు తెలుసు. ఆగితే ఏమవుతుందో తెలుసు. కుళాయి అవతల బెంచీ మీద కొంగు కింద నిద్రపోలేదు ఆమె. విన్నది, ఉప్పూ పసుపూ శనివారమూ అన్నీ విన్నది, కొంగు తీయకుండా విని, మాతో కారులో ఇంటికి వచ్చి, మరునాటినుంచి పచ్చడి పెట్టలేదు, పసుపు గిన్నె ముట్టలేదు, మణికట్టు పట్టుకుని నిలబడింది. రెండేళ్లకు పైగా ఆమెకు తెలియకూడదని మేము నోరు కట్టుకుని బతికాం, మాకు తెలుసని తనకు తెలియనట్టు ఆమె బతికింది. ఒకే వంటింట్లో, ఒకే మంచం చుట్టూ. స్వప్నిక ఒక్కతే ఏమీ తెలియకుండా పోయింది. నాకు ఆమె మీద జాలి కలిగిందని రాస్తే అబద్ధం. ఇంకా కోపం వచ్చింది. తెలియని మనిషిని ద్వేషించడంలో నాకు కొంత సుఖం ఉండేది, మాట్లాడకపోవడంలో కొంత గొప్పతనం ఉండేది. రెండూ తీసేసుకుంది. పైగా తన ప్రాణం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నేను ఏమి చేయగలనో ఆమె ఊహించకుండా ఉంటుందా. ఊహించే ఇచ్చింది. ఆగినా సరేననుకుని ఇచ్చిందో, ఆగనని తెలిసి ఇచ్చిందో. రెండింటిలో ఏదైనా కావచ్చు.

మూత బిగించాను. గట్టిగా, వేళ్లు నొప్పి పుట్టేదాకా. డబ్బా సంచిలోంచి పైకి తీసి వెలుతురుకు పట్టి చూశాను. మందు అంచుదాకా ఉంది, గడ్డ మునిగే ఉంది. దిగాను. యాడికి మేడం, ఇంకా దూరమున్నది, ఎండల పోతరా అని నాగేందర్ వెనకనుంచి పిలుస్తున్నాడు. అంతమ్మ ఏమందో వినలేదు. లారీల పక్కనుంచి, తవ్విన మట్టి మీదనుంచి, చెప్పుల్లో కంకర గుచ్చుకుంటూ, జేసీబీ దాటేదాకా నడిచాను. దాటాక అవతల పక్కనుంచి తిరిగిపోతున్న ఇంకో ఆటో దొరికింది. సంచిని ఒళ్లో పెట్టుకోలేదు, రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాను, కుదుపుకు ఒరగకుండా, నిండు గిన్నె మోసినట్టు. కనకమామిడి పోయింది, మొయినాబాద్ బజారు పోయింది, కూరగాయల బండ్లు, పెళ్లి హాళ్ల గేట్లు. స్వప్నిక డబ్బా కూడా ఇట్లా ఎవరి చేతుల్లోనైనా పోయి ఉంటే. ఈసారి వాక్యం సగంలో ఆగలేదు. బతికి ఉండేది. పూర్తి చేశాను. ఏమీ తగ్గలేదు.

ల్యాబు కిటికీ దగ్గర ఒక అమ్మాయి ఉంది, మొహానికి మాస్కు, చేతులకు తొడుగులు. డబ్బా వెలుతురులో తిప్పి చూసింది, మూత వాసన చూసింది, ఎప్పుడు తీశారని అడిగి దాని మీద రాసింది. "మందు నిండ ఉన్నది. మంచిగ తెచ్చిండ్రు మేడం. చాలమంది నీళ్లల ఏసుకొస్తరు, మర్నాడు తెస్తరు. మేమేం చూడాలె అండ్ల," అంది. వయసు ఇరవై దాటి ఉండదు. ఎవరికీ చెప్పరా ముందే అని అడగబోయి ఊరుకున్నాను. మీకు ఏమవుతారని అడిగింది. మా చెల్లె అత్త అన్నాను. చెల్లె రాలేదా అంది, రాస్తూనే, మామూలుగా. రాలేదన్నాను. వారానికి రిపోర్టు వస్తుందనీ, మూడు ప్రోటీన్లూ చూస్తారనీ, ఫికర్ పడొద్దు, ఇప్పుడు మంచి మాత్రలు ఉన్నాయనీ చెప్పింది. తెలుసన్నాను.

బయట మెట్ల మీద నిలబడి ఉదయ్‌కు ఫోను చేశాను. ఎత్తింది అతను కాదు. కాసేపు ఫ్యాను చప్పుడు, ఆపరేషనుకు గాజులు తీయించిన చేయి ఫోను సర్దుకుంటున్న గరగర.

"ముట్టిందా?"

"ముట్టింది."

"ఆగలే గద."

ఆగాను. మూత తిప్పాను కూడా. ఈమెతో అనడానికి రెండేళ్లుగా మాటలు తయారు చేసుకున్నాను, పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దుకున్నాను, ఎక్కువైనవి కొట్టేసి, తక్కువైనవి చేర్చి, ఒక్కటీ అబద్ధం లేకుండా. అవన్నీ గొంతు దగ్గరికి వచ్చి వరసగా నిలబడ్డాయి. "ఆగలేదు అత్తమ్మా," అన్నాను.

పెట్టేసిందేమో అనుకున్నాను. పెట్టలేదు, ఊపిరి వినిపిస్తోంది, కుట్లు పడ్డ రొమ్ము మీదనుంచి మెల్లగా, పట్టి పట్టి. తర్వాత గొంతు, పక్కన కొడుకు వినకూడదన్నట్టు చాలా కిందనుంచి.

"పసుపు ఎయ్యలే బిడ్డా, ఈసారి."

రోడ్డు మీద నాగేందర్ ఆటో ఇప్పుడు వస్తోంది. అంతమ్మ తల బయటికి పెట్టి నన్ను చూసి చేయి ఊపింది, సంచిలో పూలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. నేను ఫోను చెవి దగ్గరే పట్టుకుని ఉన్నాను. ఆమె ఎదురు చూస్తోంది. నా వేళ్లకు ఆ వాసన అంటుకుని ఉంది.

"చూసిన," అన్నాను. అంతకంటే ఇవ్వలేకపోయాను.